తుక్కుకి పోని వెల్డింగ్ మిషన్

చిరంజీవి పెద్దాడికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం, నా మోకాళ్లు తప్ప. అవి ఎప్పుడో వేరు కాపురం పెట్టాయి. నీ కూతురికి లెక్కలూ నోరూ రెండూ నా పోలికే వచ్చాయి, ఓర్చుకో.

పాత వెల్డింగ్ మిషన్ తుక్కుకి అమ్మారా అని అడిగావు. లేదు. పల్చటి స్టీలు రేకు పని చేయలేకే కదా మన షాపు చతికిలబడిందీ, నువ్వు ఆ వంతెన పనికి పోయిందీ? నీ భార్య ఆ మిషన్‌నే అలాంటి రేకు అతికే టిగ్ వెల్డింగ్‌కి మార్చింది. అది ఇచ్చేది ఏసీ కరెంటు, స్టీలు రేకుకి డీసీ కావాలి. ఏసీని డీసీ చేసే బొటనవేలంత డయోడ్లు నాలుగు తెచ్చి, అల్యూమినియం పలక మీద బిగించి, వేడెక్కకుండా ఫ్యాను పెట్టింది. చేత్తో పట్టుకునే వెల్డింగ్ టార్చి కొంది, ఆర్గాన్ గ్యాసు సిలిండర్ అద్దెకి తెచ్చింది.

అంటించగానే టార్చిలోని టంగ్‌స్టన్ మొన కరిగి గోళీలా ఉండ కట్టింది. ఇంకోటి పెడితే అదీ అంతే. ముసుగు తీసి, "ఇది తుక్కుకే అని మీ అబ్బాయి చెప్పిందే నిజమేమో అత్తయ్యా" అంది. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు పిల్లలకి ఫిజిక్స్ చెప్పింది ఈ మాట పడటానికా? వైర్లు చూశాను. ఏసీలో ఏ వైరు ఎటున్నా ఒకటే. ఆ అలవాటు కొద్దీ టార్చిని ప్లస్‌కి తగిలించేసింది.

"వేడి దెబ్బంతా ప్లస్ నెత్తినే పడుతుందమ్మా. అది రేకు తినాలి, మొన కాదు. మార్చు" అన్నాను.

మార్చింది. మంట కుదురుగా నిలబడింది. అతుకు చేప పొలుసుల్లా వరసగా వచ్చింది.

ఇక అసలు సంగతి. షాపు ఖాళీ చేస్తున్నామని ఓనరుకి చెప్పమన్నావుగా, చెప్పలేదు. పైగా మిషన్ పనిచేస్తుందో లేదో తేలకముందే డెయిరీవాళ్ల స్టీలు తొట్టి పని ఒప్పేసుకున్నాను. రేకు పాడైతే దాని ఖరీదు కట్టలేక షాపు పోయేదే. ఆ సంగతి తెలిస్తే జంకుతుందని నీ భార్యకి కూడా చెప్పలేదు.

నిన్న డెయిరీ మేనేజరు తొట్టి నింపించి, అతుకుల వెంట బయట కాగితం అద్ది చూశాడు. పొడిగానే ఉంది. నమ్మకం కుదరక మళ్లీ అద్దాడు. చివరికి మిగతా తొట్లన్నీ మనకే ఇచ్చి వెళ్లాడు.

కాబట్టి అక్కడ పని మానేసి వచ్చెయ్. పనిలో పెట్టుకుంటావా అని నీ భార్యని అడిగాను. "రమ్మనండి. ముందు కొన్నాళ్లు మొనలు సానపట్టమనండి, పనితనం చూసి చెప్తాను" అంది.

ఇట్లు,
నీ కొత్త యజమానురాలి అత్తగారు,
అమ్మ