ఎవరో ఒకరు రారులే

అమ్మకి,

నీ చిన్నమ్మాయి నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. మీ అల్లుడికి దగ్గు తగ్గింది, మీ మనవరాలి నోరు తప్ప ఇంట్లో అన్నీ అదుపులోనే ఉన్నాయి. అక్కడ నువ్వూ, అన్నయ్యా, వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. మొత్తం చదివేసరికి నా టీ చల్లారిపోయింది. హాస్టల్ వార్డెన్ ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళయినా ప్రశ్నలకి వరసగా నంబర్లు వేసే అలవాటు నీకు పోలేదు. ఇవన్నీ ఫోన్లో అడగొచ్చు కదమ్మా అంటే, ఫోన్లో చెప్పింది గాలికి పోతుందంటావు. సరే, కాగితం మీదే చెప్తాను, కానీ నీ వరసలో కాదు. ఆఖరి ప్రశ్న ఉంది చూడు, మా ఇంట్లో రెండు రోజులేం సరిపోతాయి, నాలుగు రోజులు ఉండలేవా అని, దానికి జవాబు రాయాలంటే నాకు కాస్త ధైర్యం కావాలి. ముందు తేలికవి కానిస్తాను.

సెలవుకి ఒక్కదానివే ఊరెందుకు వెళ్తున్నావు, మీ ఇద్దరికీ ఏమైనా మాటా మాటా వచ్చిందా అని అడిగావు. రాలేదమ్మా. మాటా మాటా రావాలంటే ఇద్దరం ఒకేసారి ఇంట్లో ఉండాలి కదా. అసలు ఈ సెలవు పెట్టమని వెంటపడిందే ఆయన. "నువ్వు ఇంట్లో కూడా జనాన్ని వరసలో నిలబెడుతున్నావు. మొన్న నేను మాట్లాడుతుంటే గడియారం చూశావు" అన్నారు. చూశాను, నిజమే. వంట ఎవరు చేస్తారన్నావు. తండ్రీ కూతుళ్ళు కలిసి చేస్తారట. ఆ వంట తినే అవసరం తప్పుతున్నందుకే నాకు సగం సెలవు దక్కినట్టుంది. రాత్రిపూట ఒంటరిగా గదిలో భయం వెయ్యదా అన్నావు. తలుపుకి గడియ ఉంటుంది, నాకు నిద్ర ఉంటుంది, ఇంక భయానికి చోటెక్కడ?

ఇక ఎన్ని ఊళ్ళు చూస్తావు అన్న ప్రశ్న. దీనికి కాస్త కథ ఉంది. నేను వారం రోజులు ఒక్కదాన్నే ఊరెళ్తున్నానన్న సంగతి చుట్టాల్లో పొక్కింది. అంతే, పెద్దత్త ఫోన్ చేసి, "ఎలాగూ వెళ్తున్నావు కదా, మా మేనకోడలి ఊరు పక్కనే, కొత్తిల్లు ఎలా కట్టుకుందో ఓ పూట చూసి రా" అంది. పిన్ని తన కుట్టుమిషనుకి ఏదో చక్రం అటువైపే దొరుకుతుందంది. మీ అల్లుడి ఆఫీసులో ఒకాయన, మా తమ్ముడి కొట్టు పక్కనే, నా పేరు చెప్తే మర్యాద చేస్తాడన్నాడు. మ్యాప్ తీసి చూస్తే, పక్కనే అంటే వీళ్ళ లెక్కలో భూమ్మీదే అని అర్థం. నేను ఎవరినీ కాదనలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఆ సామెత నువ్వే మొదలుపెట్టి, మేం చిన్నపిల్లలమని సగంలో మింగేసేదానివి. మిగతా సగం ఇప్పుడు నాకు బాగా తెలుసు.

కాదనలేకపోవడం నాకు ఉద్యోగంతో అంటిన జబ్బమ్మా. పళ్ళ ఆస్పత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని, ఎవరు ఏ గంటకి రావాలో రాయడమే కదా నా పని. పన్ను నొప్పితో ఫోన్ చేసినవాళ్ళకి "ఈరోజు ఖాళీ లేదండీ" అని నేను చెప్పగా ఇంతవరకూ ఎవరూ వినలేదు. ఎలాగో ఇరికిస్తాను. దానికో కిటుకుంది. ఒకే గంటకి ఇద్దరి పేర్లు రాస్తాను. పళ్ళ డాక్టరు దగ్గరికి రావడమంటే ఎవరికి సరదా చెప్పు? ఆ పొద్దున ఇద్దరిలో ఒకరికి నొప్పి తగ్గిపోతుంది, లేకపోతే ధైర్యం తగ్గిపోతుంది. రానివాళ్ళ పేరు కొట్టేస్తే సరిపోయె. ఇద్దరూ వచ్చిన రోజున మాత్రం లోపల డాక్టరమ్మ పళ్ళు నూరడం నాకు బయటికి వినపడుతుంది.

సెలవుకి కూడా అదే పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. పాత క్యాలెండరు కాగితం వెనక వారం రోజులూ గళ్ళు గీసి, నువ్వు చూడమన్న కోటా, మ్యూజియమూ, పూల తోటలూ, నేను ఎప్పట్నుంచో అనుకుంటున్న సరస్సూ, చుట్టాలు చెప్పిన ఇళ్ళూ కొట్లూ, అన్నీ ఇరికించాను. మీ అల్లుడు నా భుజం మీంచి చూసి, "మంగళవారం మధ్యాహ్నానికి మ్యూజియం, పడవ షికారు రెండూ రాశావేంటి?" అన్నారు.

"ఫరవాలేదు, ఎవరో ఒకరు రారులే" అన్నాను, తల ఎత్తకుండానే.

చేతిలో గ్లాసు కింద పెట్టి మరీ నవ్వారమ్మా. "మ్యూజియం రాకుండా ఎక్కడికి పోతుందే? పన్ను నొప్పి తగ్గిపోయిందని ఇంట్లో పడుకుంటుందా?" అని. చూస్తే రోజూ అలాగే ఉంది, ప్రతి పూటకీ రెండేసి. వచ్చేదాన్నీ నేనే, రానిదాన్నీ నేనే అన్న సంగతి నాకు తట్టనే లేదు. మీ మనవరాలికి ఇక అదే పాట అయిపోయింది. హోంవర్కూ ఆటా ఒకేసారి వస్తే "ఎవరో ఒకరు రారులే" అని పుస్తకం మూసేస్తోంది. మీ అల్లుడు మాత్రం నవ్వుతూ నవ్వుతూ కాగితం కింద దాకా చదివి, చివరి రెండు రోజుల దగ్గర నవ్వు ఆపేశారు. ఎందుకో కాసేపాగి చెప్తాను.

ఆ మరుసటి వారం ఆస్పత్రిలో పన్ను తొలిచే మిషను పాడైంది. బాగుచేసేవాడు సాయంత్రం దాకా రాడు. అందరికీ ఫోన్లు చేసి ఈరోజు రావద్దండీ అని చెప్పాను. కొంతమంది గొంతులో ఎంత ఆనందమో! డాక్టరమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. నేను ఆ మెకానిక్కు కోసం కాపలా. ఊరికే కుర్చీలోంచి లేచి, వచ్చినవాళ్ళు కూర్చునే సోఫాలో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ దాంట్లో కూర్చోలేదు. తలుపు పక్క కుండీలో మొక్క ఉంది. నేను ఇన్నాళ్ళూ దాన్ని ప్లాస్టిక్‌దే అనుకున్నాను. చిగురేసి ఉంది. ఎవరు నీళ్ళు పోస్తున్నారో కూడా నాకు తెలీదు, ఊడ్చే ఆవిడే అయ్యుంటుంది. ఫోన్ మోగలేదు. గోడ మీద ఎండ మెల్లిగా జరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఏమీ అనుకోలేదు, ఎవరి గురించీ బెంగపడలేదు. చివరికి మెకానిక్కు తలుపు కొడితే, అప్పుడే వచ్చేశాడేంటి అని విసుగేసింది. ఎవరైనా చెప్పిన వేళకి వస్తే ప్రాణం లేచొచ్చే నాకు!

నాకు కావలసిన సెలవు అదేనని ఆ సోఫాలో తెలిసింది. ఇంటికొచ్చి రబ్బరు తీసుకుని ఒక్కొక్కటీ చెరిపేశాను. కోట పోయింది, మ్యూజియం పోయింది. చుట్టాలకి ఫోన్లు చేసి ఈసారి కుదరదని చెప్పాను. పెద్దత్త "సరేలే" అంది. ఆవిడ సరేలే ఎంత ఘాటుగా ఉంటుందో నీకు తెలుసు. పిన్ని మాత్రం "పోనీలేవే, ఆ చక్రం మా వీధిలో కూడా దొరుకుతుంది" అంది. ఆ మాట ముందే చెప్పి ఉంటే తన సొమ్మేం పోయేదో!

ఇప్పుడు ఒకే ఊరు. సరస్సు ఒడ్డున చిన్న ఊరు, పడవలు బాగుచేసే పాకల పైన ఒక గది. ఆ ఇంటావిడకి ఫోన్ చేస్తే, "ఇక్కడ ఏమేం చూద్దామని వస్తున్నారమ్మా?" అంది. "ఏమీ లేదండీ" అన్నాను. "అయితే పెద్ద కిటికీ ఉన్న గది మీకుంచుతాను" అంది. ఆవిడంటే నాకు వెంటనే ఇష్టం కలిగింది. అంత దూరం వెళ్ళేది గదిలో కూర్చోడానికా, మీ ఇంట్లో కుర్చీల్లేవా అని నువ్వంటావు. ఉన్నాయమ్మా. వాటి మీద ఎప్పుడూ మడతపెట్టాల్సిన బట్టలుంటాయి.

సరే, ఇంక నీ ఆఖరి ప్రశ్న.

చివరి రెండు రోజులూ నీ దగ్గర ఉంటానని నీకు రాశాను కానీ, కాగితం మీద వాటికి కూడా రెండు పేర్లు రాశాను. ఒకటి "అమ్మ", ఇంకొకటి "సరస్సు". మీ అల్లుడి నవ్వు ఆగింది అక్కడే. "ఈ ఇద్దరిలో ఎవరు రారనుకుంటున్నావు?" అని మెల్లిగా అడిగారు. నిజం చెప్తున్నానమ్మా, నీకేదో పని పడిందనీ, ఈసారికి వద్దులే అనీ నువ్వే రాస్తావని ఎదురుచూశాను. నువ్వేమో నాలుగు రోజులు ఉండమన్నావు. అది చదివి ముందు ఏడుపొచ్చింది, తర్వాత నా మీద నాకే కోపమొచ్చింది.

నిన్న వదిన ఫోన్ చేసింది. తనని ఏమీ అనకు, నీ మేలు కోరే చెప్పింది. మీ హాస్టల్ పాత జట్టు, ఆ వంటావిడా, లెక్కల టీచరమ్మా, గేటు దగ్గర కూర్చునే ఆవిడా, అందరూ కలిసి కొండ మీది బంగళాకి వెళ్తున్నారట, సరిగ్గా ఆ రోజుల్లోనే. అందరికంటే ముందు పేరిచ్చింది నువ్వట, కొత్త బూట్లు కూడా కొనుక్కున్నావట. ఇప్పుడు "మా చిన్నది వస్తోంది, నేను రాలేను" అని చెప్పేశావట. నాకు ఒక్క ముక్క రాయలేదు. పైగా నాలుగు రోజులు ఉండమన్నావు. అంత మానుకున్నాక రెండు రోజులైతే గిట్టుబాటు కాదనుకున్నావు కాబోలు! నేను వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నవ్వొస్తోంది. నీ మనసు కొండ మీద, నా మనసు సరస్సు దగ్గర, ఇద్దరం భోజనాల బల్లకి చెరోవైపూ కూర్చుని "ఇంకొంచెం వడ్డించనా" అని ఒకరినొకరు అడుగుతూ ఉండేవాళ్ళం.

నువ్వు కొండకి వెళ్ళాలనే నేను రావడం మానుకున్నానని రాసేస్తే ఎంత బావుండేదో. చుట్టాలంతా బంగారు తల్లి అనేవాళ్ళు. ఆ మాట రాయడానికి నిన్న పెన్ను తీశాను కూడా. కానీ అది అబద్ధమమ్మా. వదిన ఫోన్ రాకముందే ఆ గదిని వారమంతా నాకే ఉంచమని చెప్పేశాను. నీ కొండ సంగతి తెలియకపోయినా నేను వచ్చేదాన్ని కాదు. నువ్వంటే ప్రేమ లేక కాదు. నీ దగ్గరికొస్తే తిన్నావా అంటావు, చిక్కిపోయావంటావు, నేను గంటకోసారి బావున్నానని చెప్తూనే ఉంటాను. ఈ ఒక్క వారం బావున్నానని ఎవరికీ చెప్పక్కర్లేకుండా ఉండాలనిపించింది. అంతే.

అందుకని, నేను రావడం లేదు. నీకు కష్టంగా ఉంటే ఉందని రాయి, దాచుకోకు. కొండకి మాత్రం వెళ్ళు. ఆ బూట్లు ముందు నాలుగు రోజులు ఇంట్లో వేసుకుని తిరుగు, లేకపోతే కరుస్తాయి. అన్నయ్యకీ వదినకీ నా నమస్కారాలు చెప్పు, పిల్లలకి ముద్దులు.

ఒక్క మాట మిగిలింది. పెళ్ళయ్యాక నీ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నేను ఇంకెక్కడికో పోతూ వచ్చాను. ఏదో పెళ్ళికి పోతూ, ఆస్పత్రి పని మీద పోతూ, అత్తగారిని దిగబెట్టి తిరిగొస్తూ. మీ ఇల్లు నా దారిలో ఉండటం నాకు అలుసైపోయింది. ఈసారి కూడా నిన్ను అలాగే దారిలో పెట్టాను. నువ్వేమో ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, పైగా స్టేషనుకి ఎదురొచ్చావు.

కొండ దిగొచ్చి, కాళ్ళ నొప్పులు తగ్గాక, నీకు ఎప్పుడు వీలో చెప్పు. పొద్దున పూట మీ ఊరితో ఆగిపోయే బండి ఒకటుందట. ఇన్నేళ్ళలో నేను దాన్ని ఎక్కనే లేదు. దానికే టికెట్టు కొంటాను.

ఇట్లు,
నిన్నే తలుచుకుంటూ,
నీ చిన్నది