నాన్న పక్కన చోటు

చీమకుర్తి,
శుక్రవారం.

ప్రియమైన అమ్మకు,

ప్రభువు కృపలో నాయనమ్మా నేనూ కులాసాగా ఉన్నాం. నీ నడుంనొప్పి తగ్గిందని వింటే ఇంకా కులాసాగా ఉంటాం. పక్కవీధి నస్రత్ ఆంటీ సెలవు అయిపోయి ఆదివారం కువైట్ విమానం ఎక్కుతోంది. ఫోన్‌లో నోరు పెగలని సంగతి ఒకటుంది. అందుకే ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను.

నువ్వు అడిగినవన్నీ చెబుతాను. నాయనమ్మ మోకాలికి రోజూ నూనె రాస్తున్నాను. అయినా మిరపకోతకి వెళతానని పేచీ. కాలేజీలో తెలుగు మాస్టారు నా వ్యాసం చదివి, "మాటలు బాగా ఏరుకుంటున్నావమ్మా, మిరపరాశిలో తాలుకాయ ఏరేసినట్టు" అన్నారు. ఆ వాక్యం ఎన్నిసార్లు తలుచుకున్నానో! నువ్వు పనిచేసే ఇంట్లో నీకు ప్లేటూ గ్లాసూ విడిగా పెట్టారని రాశావు. అది చదివి వినిపిస్తే నాయనమ్మ వాళ్ళని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నాన్న సమాధికి సున్నం వేశావా అని అడిగావు. సమాధుల పండక్కి నేనే వేశాను. నీ కోసం పక్కన వదిలిన చోటు చుట్టూ ఉన్న రాళ్ళకి కూడా వేశాను.

పోయిన మంగళవారం గ్రానైట్ మిల్లులో రాయి జారి ఒకతను చనిపోయాడు. పేరు ఫిలిమోన్, ఊరు ఒడిశాలో ఎక్కడో. మన చర్చిలో చివరి వరసలో కూర్చునేవాడు. శవాన్ని అంతదూరం తీసుకెళ్ళే స్తోమత లేక, మన సమాధుల తోటలో పెట్టనివ్వమని అతని భార్య సుశాంతి సంఘ పెద్దల్ని అడిగింది.

"మనోళ్ళకే చాలక చస్తంటే హిందీవోళ్ళకి ఎక్కడిచ్చేదమ్మా?" అన్నాడు సంఘ పెద్ద దానయ్య తాత. "ఇయ్యాల ఒకడికిస్తే రేపు ఒడిశా మొత్తం వచ్చి ఇక్కడే పడుకుంటది."

ఎవరో నవ్వారు. సుశాంతి తోట గేటు దగ్గర ఆపిన అంబులెన్సు పక్కన నిలబడి సన్నగా పాట ఎత్తుకుంది. భాష వేరు, రాగం మన ఆదివారం పాటదే.

"చూశావటే, మన పాటలు కూడా ఎత్తుకుపోయారు" అంది నాయనమ్మ నా చెవిలో.

ఊరి శ్మశానంలోకి మనల్ని రానివ్వకపోతే చందాలేసుకుని ఆ తోట కొన్నారని సండేస్కూల్లో మాకు చెప్పింది దానయ్య తాతే. ఆ మాట అప్పుడే అనాల్సింది, అనలేదు. కోపం కూడా రాలేదమ్మా. మనసు మొద్దుబారడం అని పుస్తకాల్లో చదివేదాన్ని. ఎండుమిరప తొడిమలు తీసీ తీసీ చివరికి వేళ్ళకి మంట కూడా తెలియదు చూడు, అలా ఉంది.

"అసలు ఖాళీ ఏదీ? ఎవరైనా చూపించండి" అన్నాడు తాత.

"మా నాన్న పక్కన ఉంది" అన్నాను.

"ఏందే? అది మీ అమ్మదిగా!"

"అమ్మ ఇక్కడ లేదుగా తాతా."

తాత గేటుకి అడ్డం తప్పుకున్నాడు. సాయంత్రానికి అతన్ని అక్కడ పెట్టారు. ఫోన్‌లో చెప్పలేకపోయింది ఇదే. నిన్ను అడగకుండా నీ చోటు ఇచ్చేశాను.

నాయనమ్మ నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెడుతూ గోడతో అంటుంది, "నా కోడలు రేపు ఎక్కడ పడుకోవాలంట?" అని.

నిన్న సుశాంతి ఇంటికొచ్చింది. నాలుగు తెలుగు ముక్కలు వచ్చు ఆమెకి. "ఆ జాగా మీ అమ్మది అంట. అమ్మ ఎక్కడ?" అంది. కువైట్‌లో ఇంటిపని చేస్తుందని చెప్పాను.

"అక్కడ అమ్మకి ఏమన్నా అయితే, జాగా ఎవరు ఇస్తారు?"

నాయనమ్మ లోపల్నుంచి వింటోంది. కాసేపటికి కుంటుకుంటూ వచ్చి, తన గ్లాసులోనే టీ పోసి ఆమె ముందు పెట్టింది. నాతో మాత్రం ఇంకా మాట్లాడలేదు.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టమ్మా. కాగితం మీద వద్దు. వచ్చి తిట్టు.

ఇట్లు,
నీ చోటుకి నీకు జవాబు చెప్పాల్సిన కూతురు,
లిడియా