ఎడమ పక్కన మాగాయ

ట్రాఫిక్ రైల్వే కాలనీ, ఖరగ్‌పూర్, 14-7-91. రాత్రంతా వాన. పొద్దున్నే క్వార్టరు వెనక కాలువలో పూడిక తీశాను.

అప్పకు తమ్ముడు దేముడు నమస్కారాలు. తలలో పిట్యూటరీ గ్రంథి మీద ఉన్న గడ్డ ఏడాదిలో కొంత పెరిగిందని రెండో స్కానులో తేలింది. పక్క చూపు బాగున్నంత కాలం ఆగవచ్చు, అది తగ్గితే మాత్రం ఆపరేషను తప్పదు అన్నారు డాక్టరు. నువ్వు తొందరపడవద్దని రాశావు. నేనూ ఆగుదామనే అనుకున్నాను.

నిన్న భోజనం చేస్తూ, నువ్వు పంపిన మాగాయ అప్పుడే అయిపోయిందా అని నీ మరదలు చిలకమ్మను అడిగాను.

"రోజూ నీ ఎడం పక్కనే గిన్నెతో పెడతన్నాను గదా. సూసీ సూడనట్టు తింతన్నావు. వదిన మీద అలకేటో అనుకున్నాను" అంది.

తల తిప్పితే గిన్నె అక్కడే ఉంది. చిలకమ్మే, "పోన్లే, నీకు కోపం లేదు. అదొకటి తెలిసినాది" అని నవ్వింది.

ఇక ఆగను. రేపే డాక్టరుకు ఈ సంగతి చెప్పి ఆపరేషనుకు ఒప్పుకుంటాను. కలకత్తాలో చేస్తారు. గడ్డను ముక్కులోంచి తీస్తారట, పుర్రె కోయరు. ఆ మాట అమ్మకు నువ్వే నెమ్మదిగా చెప్పు. ఏం చేయాలో తేలాక రాత్రి హాయిగా నిద్రపట్టింది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇంటి కప్పు నేయించారా? బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. ఎవరైనా ఇటు వస్తుంటే మాగాయ ఇంకొంచెం పంపు.

ఈ పూట చిలకమ్మ గిన్నెను తెచ్చి నా కంచం నడిమధ్యన పెట్టింది. అన్నం చల్లారిపోతోందని పిలుస్తోంది. చేతులు కడుక్కుని భోజనానికి వెళ్తున్నాను.