మీ డబ్బ నడుస్తాందా సారూ

తేది: 26 ఆగస్టు, మధ్యాహ్నం 12 గంటలు

గౌరవనీయులైన కార్యనిర్వాహక ఇంజనీరు గారి సముఖమునకు,
జిల్లేళ్లవాగు జలాశయం గేట్ల ఆఫీసులో ఒప్పంద పద్ధతిపై పనిచేయుచున్న డేటా ఎంట్రీ ఆపరేటర్ నరహరి వ్రాసుకొను అర్జీ.

విషయం: గేట్ల ఆఫీసు ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచుట, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయుట, లేనియెడల తగిన కొత్త ల్యాప్‌టాప్ మంజూరు చేయుట గురించి.

సూచిక: ఇదే విషయమై నేను ఇదివరకు పెట్టుకున్న అర్జీలు మూడు. వచ్చిన జవాబులు రెండు.

అయ్యా,

1. తమకు మనవి చేయునది ఏమనగా, నాలుగేండ్ల క్రితం ఈ కార్యాలయమునకు ఒక ల్యాప్‌టాప్ ఇవ్వబడినది. ర్యామ్ నాలుగు జీబీ. ఆనాడు దానితో పని ఒక్కటే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీటిమట్టం నమోదు చేయడం. ఇప్పుడు అదే యంత్రంలో ఏకకాలంలో తెరచి ఉంచవలసినవి ఐదు: నీటిమట్టం పట్టిక, ఎగువ వర్షపాతం పేజీ, గేట్ల కెమెరా, తమరి వీడియో సమావేశం, హెచ్చరిక పేజీ. ఈ చివరిదానిలో ఎర్ర బటన్ నొక్కితేనే వాగు దిగువన ఆరు చోట్ల పాతిన మైకు స్తంభాలు మోగుతాయి. మైకులు వచ్చినవి కాబట్టి గేట్ల మీది పాత సైరన్‌ను దించి స్టోరుకు పంపడమైనది. హెచ్చరిక పేజీ మరో కంప్యూటర్‌లో గానీ, నా ఫోన్‌లో గానీ తెరుచుకోదు. భద్రత కోసం అట్లా కట్టుదిట్టం చేశారట. ఆ భద్రత ఎవరికో నాకు ఇంతవరకు తెలియలేదు.

2. గత సంవత్సరం సెప్టెంబరు ఐదున రెండు గేట్లు ఎత్తవలసి వచ్చినప్పుడు, సమావేశం నడుస్తుండగా నేను ఎర్ర బటన్ నొక్కితిని. తెర మీద చిన్న చక్రం తిరగసాగినది. ముప్పై రెండు నిమిషాలు తిరిగినది. మైకులు మోగేసరికి నీళ్లు మొదటి రెండు స్తంభాలను దాటిపోయినవి. ఆరు కిలోమీటర్ల దిగువన, గుట్టల నడుమ మడుగులో చేపలు పట్టుకునే ఏసోబు అనే అతను బండరాయి ఎక్కి సాయంత్రం దాకా దాని మీదనే కూర్చున్నాడు. వల పోయినది, మనిషి మిగిలినాడు. నివేదికలో "ప్రాణనష్టం లేదు" అని టైపు చేసినది నేనే, ఇదే ల్యాప్‌టాప్‌లో.

మడుగు దగ్గర ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. అందుకని ఆనాటి నుంచి ఏసోబు రోజూ పొద్దున ఏడింటికి దిబ్బ మీద నిలబడి నాకు ఫోన్ చేసి, ఆ తర్వాతే కిందికి దిగుతాడు. అడిగేది ఒకటే మాట.

"మీ డబ్బ నడుస్తాందా సారూ?"

నడుస్తున్నదని నేను చెబితే దిగుతాడు, లేదంటే ఇంటికి పోతాడు. ప్రభుత్వం ఇచ్చిన మైకు స్తంభాన్ని కాదు, నా నోటిమాటను నమ్మి దిగుతున్నాడు. 

3. ర్యామ్ ఎందుకని తమ కార్యాలయం వారు ఫోన్‌లో అడిగియున్నారు. మాది పోచంపల్లి, మగ్గం ఇల్లు. కాబట్టి నాకు తెలిసిన తీరుగా వివరించుకుంటాను. మా నాయిన పడుగును వీధి పొడుగునా చాపి సరిచేసేవాడు. అటక మీద ఎన్ని నూలు కట్టలు ఉన్నా, వీధిలో జాగా లేకపోతే పని సాగదు. ముక్కలు ముక్కలుగా చాపితే పోగులు చిక్కుపడతాయి. హార్డ్ డిస్క్ అటక వంటిది, ర్యామ్ వీధి వంటిది. మా దగ్గర అటక సగం ఖాళీగానే ఉన్నది. వీధి మాత్రం ఒక మంచం వేస్తే నిండిపోయేంత ఉన్నది. అందులో తమరు ఐదు పడుగులు చాపమంటున్నారు.

4. ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది. మా లష్కర్ సిద్దయ్య ఇరవై ఏండ్లుగా గేట్లు ఎత్తుతూ దించుతూ ఉన్న మనిషి. ప్రతి దసరాకు గేట్ల మోటారుకు, పానాలకు, గొలుసులకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తాడు. నిరుడు ఏసోబు వల కొట్టుకుపోయిన తర్వాత, దసరా నాడు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"ఏం సారూ, మోటరుకు మొక్కుతం, పానాకు మొక్కుతం. గీ డబ్బకు ఒక్కనాడన్న బొట్టు పెట్టినవా? గందుకే గట్ల జేసింది."

మా ఇంట్లో కూడా దసరా నాడు మగ్గానికి బొట్టు పెట్టనిదే పోగు ముట్టం. నాకు ఆ మాట సబబుగానే తోచినది. కొబ్బరికాయ నేనే కల్వకుర్తి నుంచి తెచ్చితిని. సిద్దయ్య మూత తెరిచి, కీబోర్డు మీద కుంకుమ చల్లి, పక్కన గాలి వచ్చే జాలికి పసుపు మెత్తి, కొబ్బరినీళ్లు చిలకరించి హారతి పట్టినాడు. అంత భక్తిగా చేస్తుంటే ఆపబుద్ధి కాలేదు. ఆనాటి నుంచి లోపలి ఫ్యాన్ సరిగా తిరగడం లేదు. యంత్రం వేడెక్కి ఉన్నట్టుండి ఆరిపోతుంది. చల్లబడి మళ్లీ తెరుచుకోవడానికి గంట పడుతుంది. పళ్లు తోముకునే బ్రష్షుతో శుభ్రం చేస్తే ఇప్పటికీ ఎర్రగా రాలుతున్నది.

5. జనవరిలో తనిఖీకి వచ్చిన టెక్నీషియన్ "యంత్రములో పూజాద్రవ్యములు కనుగొనబడినవి" అని వ్రాసుకొని పోయినాడు. దాని మీద వచ్చిన మొదటి జవాబు: నష్టము సంరక్షకుని నిర్లక్ష్యము వలన కలిగినది కావున ర్యామ్ పెంచుటకు వీలు లేదు. పూజ దసరాకు, ర్యామ్ అడిగినది అంతకు ముందు సెప్టెంబరులో. ఆ రెండింటికి సంబంధం ఏమిటని అడిగితిని, జవాబు లేదు.

తర్వాత కొత్తదానికి మూడు రకాలు చూసి పంపమన్నారు. పంపితిని. మొదటిది పల్చగా, చేతిలో పలకలాగా ఉంటుంది, కానీ అందులో ర్యామ్ పెంచే వీలు లేదు. రెండవదానికి తెర పెద్దది, లోపల మళ్లీ ఆ నాలుగు జీబీయే. మూడవది మొద్దుగా, బరువుగా ఉంటుంది. చూడముచ్చటగా లేదు. అయితే పదహారు జీబీ, ఎస్‌ఎస్‌డీ, రేపు ఇంకో ర్యామ్ ముక్క పెట్టుకునే జాగా, పెద్ద ఫ్యాన్ ఉన్నవి. నేను మూడవది వ్రాసితిని. రెండవ జవాబు ఇట్లు ఉన్నది: "సమావేశములలో పల్చటిది హుందాగా ఉండును. అయినను డేటా ఎంట్రీ ఆపరేటర్‌కు ఏకకాలమున పలు పనులు ఎందుకు? ఒకదాని తర్వాత ఒకటి చేయవలెను."

అయ్యా, నేను ఒకదాని తర్వాత ఒకటి చేయగలను. వాగుకు ఆ ఉత్తర్వు ఎవరు చదివి వినిపిస్తారు?

6. జూన్‌లో వచ్చిన సర్క్యులర్ ప్రకారం గేట్లు ఎత్తే సమయంలో సిబ్బంది అందరూ వీడియో సమావేశంలో, కెమెరా తెరచి, మొదటి నుంచి చివరి దాకా కనిపించవలెను. కనిపించనివారికి మెమో. అంటే ఏ గడియలో హెచ్చరిక పేజీ తెరవాలో సరిగ్గా ఆ గడియలోనే సమావేశం తెరచి ఉండాలి. రెండూ కలిసి ఈ యంత్రంలో నడవవు. ఈ నెలలో మూడుసార్లు పరీక్షించి చూసితిని. మూడుసార్లూ ఆరిపోయినది.

ఈ అర్జీ కూడా మిగతావన్నీ మూసి, ఫ్యాన్ దగ్గర అట్టముక్కతో విసురుతూ ఇందులోనే టైపు చేయుచున్నాను. ఎగువన రాత్రి నుంచి వాన పడుతున్నది. వర్షపాతం పేజీ లెక్కన నీళ్లు రేపు సాయంత్రానికి ఇక్కడికి చేరతాయి. కాబట్టి రేపు ఉదయంలోగా కనీసం సమావేశానికి వేరే యంత్రం ఒకటి, పాతదైనా సరే, పంపించవలసినదిగా ప్రార్థన. లేదా హెచ్చరిక ఇచ్చే ఆ పది నిమిషాలు నన్ను సమావేశం నుంచి విడిచిపెట్టండి. పాత సైరన్ తిరిగి ఇచ్చినా చేతులు జోడించి తీసుకుంటాను.

ఈ మనవిని తమరు దయతో, వీలైతే ఈ పూటనే, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
నరహరి

తా.క.: అయ్యా, ఈ కింది భాగం చేత్తో రాస్తున్నందుకు మన్నించండి. మీద ఉన్నది అచ్చు తీసిన తర్వాత మీ సమావేశం మొదలైంది. ఇప్పుడు రెండు గంటల యాభై నిమిషాలు. నీళ్లు రేపటి దాకా ఆగలేదు. మూడున్నరకు రెండు గేట్లు ఎత్తమని సమావేశంలోనే ఆదేశం ఇచ్చారు. "హెచ్చరిక ఇచ్చారా?" అని మీరు అడిగారు. నేను పేజీ తెరిచాను. తెర నల్లబడింది. మీకు నా ముఖం మాయమై ఉంటుంది. దిగువన మైకులు మోగలేదు.

గంట దాకా ఇది మళ్లీ వెలగదు. నేను బండి తీసుకుని వాగు గట్టు వెంట పోతున్నాను. దారిలో ఊళ్లన్నిటికీ అరిచి చెప్పుకుంటూ మడుగు దాకా పోతాను. దారి బురద. సిద్దయ్య గేటు బటన్ దగ్గర కూర్చున్నాడు.

"నువ్వు పో సారూ. నాలుగింటి దాక ఎవలు జెప్పినా నేను బటన్ ముట్ట. నాలుగు దాటితే మాత్రం నా చేతుల ఉండది. కట్ట తెగకుండ గూడ జూడాలె గద."

మీరు చేసే ఫోన్ అతను ఎత్తడు. అది నేను చెప్పడం వల్లనే. మెమో అతనికి ఇవ్వకండి, నాకు ఇవ్వండి.

ఇంకొక సంగతి ఏ అంశంలోనూ రాయలేదు. ఇవాళ పొద్దున ఏడింటికి ఏసోబు ఫోన్ చేసినప్పుడు నేను కిరాయి గదిలో చాయ్ తాగుతున్నాను. ల్యాప్‌టాప్ ఆఫీసు బీరువాలో ఉంది. దాని మూత కూడా తీయకుండానే "నడుస్తాంది, పో" అన్నాను. చాలా రోజులుగా అట్లాగే అంటున్నాను. అతను సంతోషపడి, ఇవాళ రెండు వలలు వేస్తున్నామని, సాయానికి భార్య మైసమ్మను కూడా మడుగులోకి తీసుకుపోతున్నానని చెప్పాడు.

ఈ కాగితం సాయంత్రం బస్సులో వస్తుంది. మీ చేతికి అందేసరికి వాళ్లిద్దరి సంగతి మీకు తెలిసే ఉంటుంది.