తండ్రిని తీసుకురా

ప్రొద్దుటూరు,
సోమవారం.

నాతో పోట్లాడే హక్కున్న ఒకే ఒక్క షాహిస్తాకు,

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటావా? ఫోనులో నేను నోరు తెరవగానే "బీపీ మాత్ర ఏసుకున్న్యావా?" అని అడ్డం పడతావు. కాగితం మీద నన్ను ఆపలేవు. ఈ రోజు నన్ను ఎవరూ ఆపకూడదు.

మా ఇంజనీరింగ్ కాలేజీలో నా ఉద్యోగం పేరు చెప్పినప్పుడల్లా నువ్వు నవ్వుతావు. స్టూడెంట్ సపోర్ట్ కేస్ మేనేజర్! కష్టంలో ఉన్న పిల్లలకు ఆసరాగా ఉండే పని అని నమ్మి చేరాను. గదికి పసుపు రంగు వేశారు, గోడకు నవ్వుతున్న పిల్లల బొమ్మ అంటించారు, తనిఖీకి వచ్చినవాళ్ళకు అన్నిటికంటే ముందు నా గదే చూపిస్తారు. మిగతా రోజుల్లో నేను చేసే పనేమిటి? తండ్రులను పిలిపించడం. వచ్చినవాడు ఫలానా పిల్లవాడి తండ్రేనని తేల్చి, సంతకం పెట్టి, కమిటీ గదిలోకి తోలడం. పశువుల సంతలో గేటు దగ్గర కూర్చునేవాడిది ఇంతకంటే మర్యాదైన పని.

రూలు విను. హాజరు తగ్గిన పిల్లవాడికి హాల్ టికెట్టు ఇవ్వాలంటే వాడి తండ్రి స్వయంగా వచ్చి కమిటీ ముందు నిలబడాలి. కూర్చోవడానికి వీల్లేదు. ఒకసారి నేనూ, కమిటీలో ఉన్న లెక్కల శ్రీనివాసులు సారూ కలిసి ఒక కుర్చీ మోసుకొచ్చి వేశాం. మరుసటి వారానికి తీసేశారు. "ఇట్లనేనా పెంచేది?" అని ప్రిన్సిపాల్ అడుగుతాడు. తండ్రి తల వంచుకుంటాడు. వంచితే హాల్ టికెట్టు. మరి తల్లి వస్తేనో? చెల్లదు. "తల్లుల్ని పిల్లలు ఏమారుస్తారు మేడమ్" అని నాకు, ఒక తల్లికి, మొహం మీదే చెప్పాడు. తండ్రి దేశంలో లేకపోతే కమిటీ గదిలోనే స్పీకర్ పెట్టి ఆయనకు ఫోను చేస్తారు. షాహిస్తా, ఈ పిల్లలకు ఓటుంది! ప్రభుత్వాన్ని ఎన్నుకునేటంత పెద్దవాళ్ళు, తమ ఇంట్లో కష్టమేమిటో తామే చెప్పుకుంటే మాత్రం నమ్మదగని పసివాళ్ళు. ఇది చదువు చెప్పే చోటా, పోలీసు స్టేషనా?

ఇప్పుడు అసలు సంగతి. మీ ఊరి పిల్లవాడే, ఖలీల్. మూడో సంవత్సరం. మీ వీధి చివర బట్టలు కుట్టే ఖమర్‌బీ కొడుకు. తండ్రి నూరుల్లా కువైట్‌లో డ్రైవరు. ఖమర్‌బీకి మూత్రపిండాలు రెండూ పాడైపోయాయని నీకు తెలుసో లేదో. వారానికి మూడుసార్లు జమ్మలమడుగు నుంచి బస్సులో ఇక్కడికొచ్చి డయాలసిస్ చేయించుకుంటుంది. తోడు ఖలీలే. తిరిగి పోయేటప్పుడు ఆమె కొడుకు భుజం మీద ఒరిగి నిద్రపోతుందట. ఆ రోజులన్నీ కాలేజీ లెక్కలో ఆబ్సెంట్. పిల్లవాడికి జబ్బయితే డాక్టరు సర్టిఫికెట్టు తీసుకుంటారు, తల్లికి జబ్బయితే తీసుకోరు. తండ్రిని తీసుకురా, లేదా నంబరివ్వు, ఫోను చేస్తాం అన్నారు. భార్య జబ్బు సంగతి నూరుల్లాకు తెలియదు. చెప్పనివ్వలేదు ఆమె.

పొద్దున ఖలీల్ నా గదికి తండ్రిని తీసుకొచ్చాడు. తెల్ల టోపీ, కళ్ళకు సుర్మా, భుజాన గళ్ళ తువాలు. "నేను నూరుల్లాను మేడమ్, నిన్ననే కువైట్ నుంచి దిగినా" అన్నాడు. గుర్తుపట్టేశాను. పోయిన సెమిస్టరులో ఇదే మనిషి నుదుటి నిండా విభూది పెట్టుకుని, "మాది సింహాద్రిపురం తల్లీ" అంటూ శ్రీహర్ష అనే పిల్లవాడి తండ్రిగా వచ్చి తల వంచి పోయాడు!

"కువైట్‌లో ఎండలెట్లా ఉన్నాయి?" అన్నాను.

"శానా ఎక్కువ మేడమ్, తట్టుకోల్యాము."

"సింహాద్రిపురంలో?"

ఆయన కాసేపు ఫ్యాను వైపు చూశాడు. "యాడైనా ఎండ ఎండే గదా మేడమ్" అన్నాడు.

పేరు హుమాయున్. పెళ్ళిళ్ళకు షామియానాలు వేస్తాడు. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోతే ఇట్లా తండ్రిగా పోతాడట. బస్సు చార్జీ, ఒక పూట బిర్యానీ ఆయన కూలి. "సొంత తండ్రులు రోషపడి ఎదురు మాట్లాడి చెడగొట్టుకుంటారు మేడమ్. నాకైతే ఆ ఇబ్బంది ల్యా" అన్నాడు. నవ్వాలో తన్నాలో తెలియలేదు. తర్వాత కోపం ముంచుకొచ్చింది. ఆయన మీద కాదు. తండ్రులు అద్దెకు దొరికే వ్యాపారాన్ని పుట్టించిన ఆ రూలు మీద.

నేను నిర్ణయించుకున్నాను. శుక్రవారం కమిటీలో ఉన్నదున్నట్టు చెబుతాను. ఖమర్‌బీ ఆసుపత్రి కాగితాలు బల్ల మీద పరిచి, ఈ రూలు పోవాలని గట్టిగా అడుగుతాను. ఆ మాటంటే ఖలీల్ రెండు చేతులూ జోడించాడు. "మేడమ్, మీరు న్యాయం మాట్లాడితే నా పని అయిపోతాది. నాకు హాల్ టికెట్టు ఒక్కటి ఇప్పించండి సాలు" అన్నాడు. వాడి మీదా కోపమొచ్చింది. ఇట్లా భయపడబట్టే కదా వాళ్ళ ఆటలు సాగుతున్నాయి! నువ్వు ఖమర్‌బీ దగ్గరికి పోయి ఒప్పించు. నీ మాట వింటుంది.

మండిపోతున్న
నీ సరస్వతి

*

జమ్మలమడుగు,
బుధవారం.

అమ్మీ సరసూ,

దీన్ని రోజూ ప్రొద్దుటూరు నుంచి వచ్చిపోయే మా స్కూలు యాస్మిన్ టీచరు చేత పంపుతున్నాను. చదివేముందు మాత్ర వేసుకో.

ఖమర్‌బీ దగ్గరికి పోయాను. ఒప్పించాలని పోయి, నేనే ఒప్పుకుని వచ్చాను. భర్త వీడియో కాల్ చేసే వేళకు మంచి దుప్పట్టా వేసుకుని, చేతి మీద సూది గుర్తులు కనపడకుండా కొంగు లాక్కుని కూర్చుంటుంది. "ఇంత దాచిపెట్టేది దేనికమ్మా?" అని అడిగాను. ఆమె చెప్పింది యథాతథంగా రాస్తున్నాను. "ఆయప్పకు తెలిస్తే ఆడ ఒక్క నిమిషం నిలబడడు టీచరమ్మా. ఆయన తమ్ముడు సచ్చిపోయినప్పుడు సెలవడిగితే సేటు ఇయ్యల్యా. పాస్‌పోర్టు సేటు కాడనే ఉండాది. ఈయన కారు తాళాలు మొహాన కొట్టి నడుసుకుంటా పోయినాడు. దోవలో పట్టుకోని జైల్లో ఏసినారు. తమ్మునికి మట్టి ఇచ్చేదానికీ రాల్యా, ఈడ మాకు మనిషి ఉండాడో ల్యాడో తెలీల్యా. ఇప్పుడు రంజాను పండక్కి ఒప్పందం అయిపోతాది, పాస్‌పోర్టు సేతికిస్తారు. అంతవరకూ నేను బాగుండాలి. అంతే."

ఇదీ సంగతి. నీ కమిటీ గదిలో స్పీకర్ పెడితే మోగేది మామూలు ఫోను కాదు.

నీ న్యాయం గొప్పదే, కాదనను. కానీ దాని ఖరీదు కట్టేది నువ్వు కాదు, ఖమర్‌బీ. నువ్వు అబద్ధమాడవని ఊరందరికంటే నాకే బాగా తెలుసు. డిగ్రీలో నేను చీటీ పెట్టుకుంటే లేచి నిలబడి పట్టిచ్చిన దానివి నువ్వే కదే! ఆ రోజు నీతో మాట్లాడనని ఒట్టేసుకున్నాను. ఇప్పుడు బతిమాలుతున్నాను. శుక్రవారం రోజు ఆ షామియానా ఆయన తల వంచుకుంటాడు, నువ్వు నోరు మూసుకో. రూలు మీద యుద్ధం రంజాను తర్వాత చేద్దాం, నేనూ వస్తాను.

నీ దొంగ నేస్తం
షాహిస్తా

*

ప్రొద్దుటూరు,
సోమవారం.

షాహిస్తా,

నోరు మూసుకోమన్నావు. మూసుకుని ఉంటే ఎంత బాగుండేది!

శుక్రవారం హుమాయున్ వచ్చాడు. నీ మాట విని, నూరుల్లాయేనని సంతకం పెట్టి కమిటీ గదిలోకి పంపాను. ఆయన తల వంచాడు. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుంటున్నాడు. ఇంతలో శ్రీనివాసులు సారు, పాపం, ఏ దురుద్దేశమూ లేకుండా, తెలిసినవాడు కనబడితే పలకరించినట్టు నవ్వి, "ఏమప్పా, నువ్వు పోయినతూరి శ్రీహర్ష వాళ్ళ నాయనవని వచ్చినావు గదా? విభూది పెట్టుకోని?" అనేశాడు.

గది మొత్తం నా వైపు తిరిగింది. తండ్రులను తేల్చే మనిషిని నేనే కదా. ప్రిన్సిపాల్ చేయి ఫోను మీదికి పోయింది. "ఖలీల్, మీ నాయన కువైట్ నంబరు చెప్పు" అన్నాడు. ఖలీల్ ముఖం చూశాను. పరీక్ష పోతుందన్న భయం కాదది. జైలు కనబడుతోంది వాడికి.

"ఈయన నూరుల్లా. నేనే చూసి సంతకం పెట్టాను" అన్నాను.

"ల్యా మేడమ్, నాకు బాగా గుర్తు..." అని శ్రీనివాసులు సారు ఏదో అనబోయాడు.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. "ఇన్నేళ్ళుగా ఈ గదిలోకి ఎంతమంది తండ్రులు వచ్చారు సారూ? ఒక్కరినైనా నువ్వు తండ్రివేనా అని అడిగారా? టోపీ కనబడగానే అడగాలనిపించిందా? ముసల్మాను వచ్చి నిలబడితే ముందు దొంగేమోనని ఎందుకు తోస్తుంది మీకు?"

ఈ మాట ఎక్కడిదో నీకు తెలుసు. నీకు ఇల్లు అద్దెకివ్వనన్న వాడి గుమ్మంలో నిలబడి అన్న మాట. సభల్లో, వ్యాసాల్లో, బస్సుల్లో, నిజంగా అనవలసి వచ్చి మనిద్దరం గొంతు పోయేలా అన్న మాట. దాన్ని తీసుకుపోయి, కళ్ళతో చూసిన నిజం చెబుతున్న మనిషి మీద విసిరాను. సూటిగా తగిలింది. ఆయన ముఖం పాలిపోయింది. లేచి హుమాయున్‌కు చేతులు జోడించాడు. "తప్పయిపాయ, ఏమనుకోవద్దప్పా" అన్నాడు. సంగతి పేపరుకెక్కుతుందేమోనని ప్రిన్సిపాల్‌కు దడ పట్టుకుంది. గబగబా సంతకం పెట్టాడు. హుమాయున్‌కు కుర్చీ తెప్పించాడు! నిజమైన తండ్రులకు దక్కని కుర్చీ ఆయనకు దక్కింది. బయటికొచ్చాక హుమాయున్ ఖలీల్‌తో, "ఈ తూరి తిట్లే ల్యావు. బిర్యానీ వొద్దులే నాయనా, టీ తాపించు" అన్నాడు.

శనివారం పొద్దునే శ్రీనివాసులు సారు నా గదికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "మా ఇంటామెతో కూడా అన్నా మేడమ్. ఆ టోపీ ల్యాకుంటే నేను అడిగుండేవాడినా అని. ఏమో, అడిగుండనేమో. నాలో అట్లాంటిది ఉండాదని నాకే తెలీల్యా. మీరు చెప్పింది మంచిదయింది" అన్నాడు. కమిటీ నుంచి తప్పుకుంటున్నానని అప్పటికే రాసిచ్చి వచ్చాడట. ప్రిన్సిపాల్ చదవకుండానే ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకోడు? ఆ గదిలో పిల్లల వైపు మాట్లాడే ఒక్కడూ పోయాడు. ఖర్చు లేకుండా పోయాడు. తోలింది నేను!

రూలు నా చేత అబద్ధమాడించింది, నిజమే. ఆ రూలును, దాన్ని రాసిన చేతులను నేను వదలను. కానీ అన్ని అబద్ధాల్లోనూ వెతికి ఈ అబద్ధాన్నే ఎంచుకోమని ఏ రూలూ చెప్పలేదు. "ఏమో సారూ, నాకు గుర్తులేదు" అని గొణిగి ఉండవచ్చు. నాకు గొణగడం చేతకాదు. గెలవడమే చేతనవును. రేపు ఇంకో పిల్లవాడికి నిజంగానే ఆ అవమానం జరిగితే, నేను నోరు తెరిస్తే, ఆ మాటకు ఏం విలువ మిగిలింది?

ఆగలేకపోయాను. నిన్న పులివెందుల బస్సెక్కి ఆయన ఇంటికి పోయాను. ఇంటామె ముందే అంతా చెప్పాను. ఖమర్‌బీ, కువైట్, హుమాయున్, అంతా.

"అంటే నా కండ్లు బాగనే ఉండాయి" అన్నాడు ఆయన. "కానీ మేడమ్, టోపీ ల్యాకుంటే అడిగుండేవాడినా అనే దానికి మాత్రం జవాబు నాకింకా దొరకల్యా. అది నా తిప్పలు, నేను సూసుకుంటా. ఇంకోటి చెప్పండి. కుర్చీ మోసినప్పుడు మీ పక్కనుండింది ఎవరు? ముందు రోజు నాకొక మాట చెప్పుంటే నేను నోరే తెరుసుండను గదా. నాకెందుకు చెప్పల్యా?"

నేను నిజం చెప్పాను. "మీరు నాతో ఎప్పుడూ వాదించరు సారూ. నాకు వాదించేవాళ్ళే కనబడతారు. మీరున్నారన్న సంగతే నాకు తోచలేదు."

ఆయన నవ్వలేదు. "అయితే రేపటి నుంచి వాదిస్తా. మీతోనే మొదలు" అన్నాడు. ఖలీల్ సంగతి తన నోటి నుంచి రాదన్నాడు. కమిటీకి మళ్ళీ వస్తానని మాత్రం అనలేదు. నన్ను సాగనంపడానికి గుమ్మం దాకా ఇంటామె ఒక్కతే వచ్చింది.

ఈ కాగితం ఆసుపత్రిలో, డయాలసిస్ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఖలీల్ మొదటి పరీక్ష రాస్తున్నాడు. ఖమర్‌బీకి తోడు కావాలి కదా, నేనొచ్చాను. లోపల పడుకునే ముందు ఆమె, "మీకు డ్యూటీ ల్యాదా మేడమ్?" అని అడిగింది. ఇదే నా డ్యూటీ అన్నాను. ఇన్నాళ్ళ ఉద్యోగంలో ఈ మాట అనగలిగింది ఈ రోజే. వెనక్కి పోయేటప్పుడు జమ్మలమడుగు దాకా నేనే బస్సులో దించుతాను. నువ్వు స్టాండుకు రా, కొట్లాడుకోవలసినవి ఉన్నాయి.

పొద్దున సెలవు చీటీ ఇచ్చి వచ్చాను. కారణం అన్న చోట కలం పెట్టి కాసేపు నిలబడ్డాను. అబద్ధం రాయడానికి ఇక చేయి రాలేదు. నిజం ఖమర్‌బీది, నాది కాదు. ఖాళీగా వదిలేసి వచ్చాను. రేపు ప్రిన్సిపాల్ అడుగుతాడు. అడగనీ.

నీ
సరస్వతి