చక్రాల మీది ఇల్లు

రోగులను వైద్యానికి పైదేశం పంపే ఆఫీసరు గారికి,

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. మేం ఊరూరా తిరిగేవాళ్లం; కారుకు తగిలించి లాగే చక్రాల బండి, కారవానే, మా ఇల్లు.

నా మనవరాలు కన్సెప్టాకు రక్త క్యాన్సరు. ఇక్కడ డబ్లిన్‌లో ఏ మందూ పనిచేయలేదు. లండన్‌లో కొత్త వైద్యం ఉందని మీ డాక్టరే చెప్పాడు. అది చేశాక నెల రోజులు ఆసుపత్రి దగ్గరే ఉండాలట.

మీరేమన్నారు? "కారవాన్లలో తిరిగేవాళ్లకు స్థిరమైన ఇల్లుండదు, పంపలేం మామ్మా" అన్నారు.

"ఇల్లున్నవాళ్లు దాన్ని లండన్‌కు మోసుకుపోతారా నాయనా?" అంటే ఫోను పెట్టేశారు. సిగ్గులేదూ?

నా కొడుకు కారవాన్‌ను కారుకు తగిలించాడు. పిల్లను ఎక్కించాం. ఓడలో సముద్రం దాటించి ఆ ఆసుపత్రి గోడ పక్కనే ఆపుతాం. అంతకన్నా దగ్గరగా ఎవరి ఇల్లుందో చూపించి, అప్పుడు కాదనండి.

కోపంతో,
కన్సెప్టా నాయనమ్మ