ఉలులు పేర్చి నిలబడ్డాను

మంగళవారం, వాట్‌గంజ్

అప్పారావు మావ ఇవాళ తను పనిచేసే వడ్రంగి కార్ఖానాకి తీసుకెళ్ళాడు. పరీక్షకి బీరువా తలుపు చేయించారు. మూలలు వెంట్రుక దూరకుండా అతికాయి. బెంగాలీ యజమాని వేలితో తడిమి చూసి, "రేపట్నించి రా దాదా" అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడగలేదు. గట్టెక్కాననుకున్నాను.

సాయంత్రం గంట కొట్టగానే అందరూ చేతులు దులుపుకుని టీకి పోయారు. నేను మాత్రం ఉలులు, బాడిస, రంపం బల్ల మీద వరుసగా పేర్చి, రెండు చేతులూ చాపి పక్కన నిలబడ్డాను. జైల్లో ఏడేళ్ళూ అంతే. వార్డరు లెక్క చూసుకునేదాకా కదలకూడదు. పని నేర్పిన చోటే ఈ పాడు అలవాటూ నేర్పింది.

"ఏట్రా, ఎవులి కోసం సూస్తన్నావు?" అన్నాడు మావ, గొంతు తగ్గించి.

అప్పటికే యజమాని గుమ్మంలోంచి చూస్తున్నాడు. ఆ నిలబడటం ఆయన ఇంతకుముందు ఎక్కడో చూసినట్టుంది. "రేపు వద్దులే, కబురు పెడతాను" అన్నాడు, మెత్తగానే.

ఇంటికొచ్చి తిన్నాను. చాప పరుచుకుని ఊరికే కూర్చున్నాను.

"తలుపెయ్యవేట్రా?" అంది అమ్మ.

బయటినుంచి ఎవరో వేస్తారని కూర్చున్నాను.